నా బరువు మోసిన గుర్రం

"సార్ లేరా అమ్మా?"

ఆ రోజు కూడా మా ఇనుప సామాన్ల కొట్టుకి ఈ మాటతోనే బోణీ అయింది. వచ్చినాయనకి అలమర తలుపులకి బందులు కావాలట. తలుపు మందం ఎంత, ఎత్తు ఎంత అని అడిగాను. చెప్పాడు. రెండంగుళాలవి చాలవు, మూడంగుళాలవి తీసుకోండి, ఒక్కో తలుపుకి రెండు కాదు మూడు వెయ్యండి, లేకపోతే ఏడాది తిరక్కుండా తలుపు వాలిపోతుంది అన్నాను. ఆయన నా వైపూ, నా వెనక గోడకున్న క్యాలెండరు వైపూ ఒకే రకంగా చూసి, "పర్వాలేదమ్మా, సార్ వచ్చాకే మాట్లాడతాను" అని స్టూలు లాక్కుని కూర్చున్నాడు. మా ఆయన కాఫీ తాగి నింపాదిగా వచ్చారు. విషయం విన్నారు. మెడైనా తిప్పకుండా, "ఏమోయ్, దీనికి ఏవి పడతాయి?" అని నన్నే అడిగారు. "మూడంగుళాలవి, తలుపుకి మూడు" అన్నాను. ఆయన వచ్చినవాడి వైపు వంగి, "మూడంగుళాలవి, తలుపుకి మూడు" అన్నారు. "అదీ! అందుకే మీరొచ్చేదాకా కూర్చున్నాను సార్" అన్నాడు వచ్చినాయన.

నాకు కోపం రాలేదు. కోపం కూడా సరుకే. రోజూ అయినకాడికి వదిలించుకుంటూ పోతే అవసరానికి మిగలదు. ముప్ఫై ఏళ్ళు కొట్లో కూర్చున్నదాన్ని, ఏ సరుకు ఎప్పుడు బయటికి తియ్యాలో ఆ మాత్రం తెలుసు.

మా కొట్లో ఒక ఆనవాయితీ ఉంది. ఏ నిచ్చెన అమ్మినా ముందు నేను ఎక్కి చూపించాలి. పెళ్ళయి వచ్చిన నెలలోనే పెట్టారు దీన్ని. కొట్టు కొత్తగా తెరిచిన రోజులవి. ఒకాయన నిచ్చెన గట్టిదో కాదో అని నసుగుతుంటే, మా ఆయన నన్ను లోపల్నుంచి పిలిచి, "చూడండి, కట్టుకున్న పెళ్ళాన్నే ఎక్కిస్తున్నాను. ఇంతకంటే నమ్మకం ఏం కావాలి?" అన్నారు. నిచ్చెన అమ్ముడుపోయింది, ఆనవాయితీ మిగిలిపోయింది. పై మెట్టు మీద నిలబడి నేను కప్పుకి పట్టిన బూజు చూసేదాన్ని. కిందున్నవాళ్ళు ఏం చూసేవాళ్ళో నాకు తెలుసు. ఐదో నెల కడుపుతో కూడా ఎక్కాను. "ఇద్దరి బరువు మోస్తోంది చూడండి" అన్నారు మా ఆయన. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అప్పట్లో నవ్వడం కూడా నా పనుల్లో ఒకటి. నేను లావయ్యే కొద్దీ ఆనవాయితీకి విలువ పెరిగింది. "ఆవిడ బరువుకే ఆగిందంటే ఇంకెవరికైనా ఆగుతుంది" అని గిరాకీలు వాళ్ళలో వాళ్ళు అనుకుంటూ మోసుకెళ్ళేవాళ్ళు. మూడు నిచ్చెనలు మాత్రం నా కింద విరిగాయి. మూడోదానితో నా మణికట్టు కూడా విరిగింది. ఆరు వారాలు కట్టుతో ఉన్నాను. "అమ్మకముందే బయటపడింది, అదీ మంచిదే" అంది మా అత్తయ్య. నిచ్చెన గురించే అంది. వారానికి ఒకటి చొప్పున వేసుకున్నా పదిహేను వందల నిచ్చెనలు ఎక్కి ఉంటాను. ఎక్కడికీ చేరలేదు. ఎక్కిన చోటే దిగాను.

ఆ వారమే మా అమ్మాయి కూతుర్ని తీసుకుని వచ్చింది. వాళ్ళుండేది మూడు గంటల బస్సు దూరంలో. మనవరాలికి ఒక పేరుంది గానీ మేమంతా పిడుగు అనే పిలుస్తాం. వచ్చే నెల దానికి నాలుగేళ్ళు నిండుతాయి. దారిలో ఎవరింటి వరండాలోనో చెక్క గుర్రం చూసిందట, ఊగేది. భోజనాల దగ్గర అదే పాట.

"కొనిపెడతాలే తల్లీ" అన్నారు వాళ్ళ తాత.

"ఎందుకు నాన్నా, దండగ. ప్లాస్టిక్‌ది ఏదో ఒకటి నేనే చూస్తాను" అంది అమ్మాయి.

"నేను చేస్తాను" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో ఇప్పటికీ నాకు తెలీదు. గరిటె చేతిలో ఉంది, వడ్డిస్తూ ఉన్నాను. ముందు ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత మా ఆయనకి పొలమారింది.

"నువ్వా? గుర్రమా? ఏమోయ్, మేకులు అమ్మడం వేరు, మేకు కొట్టడం వేరు."

"ముందు ఆ గరిటె కింద పెట్టి నువ్వు తిను" అంది అత్తయ్య. "తర్వాత గుర్రాలు చేద్దువుగాని, ఏనుగులు చేద్దువుగాని."

మా ఆయన అన్నదాంట్లో నిజం ఉంది. అదే గుచ్చుకుంది. ఏ మేకు ఏ చెక్కకో, ఏ ఉలి ఎవరి చేతికో ఊరందరికీ చెప్పినదాన్ని, ఒక్క మేకు నా అంతట నేను కొట్టి ఎరగను. క్యాలెండరు మేకు కూడా గోడలో ఆయనే కొట్టించారు, కూలివాడి చేత.

కొట్టు వెనకాల ఒక గది ఉంది. పేరుకి గది, పనికి చెత్తకుప్ప. విరిగిన సామానంతా అందులో పడేస్తాం. నేను పని అక్కడ చేసుకుంటానన్నాను. ఆయన రంగు డబ్బాల వ్యాపారం కొత్తగా మొదలెట్టబోతున్నారు, ఆ గది దానికి కావాలి. బేరం కుదుర్చుకోక తప్పలేదు. ఇద్దరం బేరగాళ్ళమే కాబట్టి మాటలు కూడా తూచి వేసుకున్నాం.

"పిడుగు పుట్టినరోజు దాకా గది నీది" అన్నారు ఆయన. "ఆ రోజుకి గుర్రం నిలబడిందా, తర్వాత కూడా నీదే, నేను అడగను. నిలబడలేదా, మర్నాడే డబ్బాలు దిగుతాయి. మళ్ళీ ఈ వడ్రంగం మాట ఎత్తకూడదు."

"ఒప్పుకున్నాను" అన్నాను. ఆ గదికి ఒక కిటికీ ఉంది. పెరటి వైపు తెరుచుకుంటుంది. అంత పెద్ద ఇంట్లో నేను తలుపేసుకుని కూర్చోడానికి స్నానాలగది తప్ప ఇంకోటి లేదని, ఒప్పుకున్నాక గాని నాకు తట్టలేదు.

మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటిదాకా కొట్టు మూస్తాం. అది విశ్రాంతి వేళ. ఆయన పడుకుంటారు, అత్తయ్య పడుకుంటుంది, నేను గిన్నెలు తోముతాను, బట్టలు మడతపెడతాను, సాయంత్రానికి కూర తరుగుతాను. మా ఇంట్లో విశ్రాంతి అంటే అదీ. ఆ రెండు గంటలూ నేను గుర్రానికి తీసుకున్నాను. మొదటి రోజు నాలుగింటికి కాఫీ కోసం వచ్చిన మా ఆయనకి కడిగిన గ్లాసు దొరకలేదు.

"గిన్నెలు?"

"ఉన్నాయి, తొట్టిలో."

"గ్లాసు లేదు కదా."

"ఉంది, తొట్టిలో."

ఆయన తొట్టి ముందు కాసేపు నిలబడ్డారు, ఊరు కాని ఊళ్ళో బస్సు దిగినవాడిలా. అప్పుడు అత్తయ్య మెల్లగా లేచి ఒక్క గ్లాసు కడుక్కుని, అందులో తన కాఫీ పోసుకుని వెళ్ళి కుర్చీలో కూర్చుంది. ఆవిడ కొడుకు ఆవిణ్ణి చూశాడు. "నా గ్లాసు నేను కడుక్కున్నాను" అంది ఆవిడ. ఎనభై ఏళ్ళ మనిషి. ఎవరి పక్షమో నాకు ఆ రోజుకి అర్థం కాలేదు.

చెక్క నేను కొనలేదు. ఆ గదిలోనే ఉంది. నా కింద విరిగిన మూడు నిచ్చెనలూ గోడకి ఆనించి ఉన్నాయి. మెట్లు పోయాయి గానీ పక్క కర్రలు గట్టివే, వంకర లేకుండా తిన్నగా ఉన్నాయి. వాటి కింద మా పాత గల్లా బల్ల. అద్దాల బల్ల వచ్చాక దాన్ని లోపల పడేశారు. నా మోచేతులు ఆనినచోట రంగు పోయి, చెక్క చెంపలా నున్నగా తేలింది. గుర్రం వీపు అదే అవుతుందని అప్పుడే అనుకున్నాను. ఇరవై ఏళ్ళు నేనే నునుపు చేసిన చెక్కని మళ్ళీ నునుపు చెయ్యక్కర్లేదు కదా.

పనిముట్లకి లోటు లేదు, కొట్టంతా అవే. లోటు చేతుల్లో ఉంది. రోజూ పొద్దున్నే జిగురుకో మరలకో వచ్చే మేస్త్రీ ఒకాయన ఉన్నాడు, ముసలి వడ్రంగి. ఆయన్ని తిన్నగా అడగడానికి సిగ్గేసింది.

"మేస్త్రీ, ఒకాయన అడుగుతున్నాడు" అన్నాను. "చెక్క గుర్రం చేస్తున్నాడట. కాలు కోసి మోకాలితో ఇలా నొక్కితే పుటుక్కున విరిగిందట. చెక్క మంచిదే."

"ఆ ఒకాయన చెక్కని అడ్డంగా కోశాడు" అన్నాడు మేస్త్రీ. "చెక్కలో నార ఉంటుందమ్మా. నార పైనుంచి కిందికి రావాలి, మన ఎముకలాగా. అడ్డంగా ఉంటే బిస్కెట్టే."

మర్నాడు మళ్ళీ అడిగాను. "ఒకాయనకి గుర్రం ఊగడానికి కాళ్ళ కింద వేసే బద్దీల వంపు ఎలా గియ్యాలో తెలీడంలేదట."

"నేల మీద మేకు కొట్టి దానికి తాడు కట్టమను. తాడు చివర బలపం. అలా తిప్పుకుంటూ పోతే వంపు అదే వస్తుంది. తాడు పొట్టిగా ఉంటే గుర్రం ఎత్తి పడేస్తుంది, మరీ పొడుగైతే మొండికేసి కదలదు. రెండు బద్దీలూ కలిపి బిగించి ఒకేసారి కొయ్యమను. విడివిడిగా కోస్తే అక్కాచెల్లెళ్ళు అవుతాయి గానీ కవలలు కావు." డబ్బా సంచిలో వేసుకుని, గుమ్మం దగ్గర ఆగి, నా బొటనవేలికి చుట్టుకున్న గుడ్డ వైపు చూశాడు. "ఇంకో మాటమ్మా. సుత్తి పట్టినప్పుడు మేకుని బొటనవేలితో కాదు, దువ్వెన పళ్ళ మధ్య పెట్టి పట్టుకోమని చెప్పు. ఆ ఒకాయనకి ఇంకా తొమ్మిది వేళ్ళున్నాయి."

అలా నెలంతా ఆ ఒకాయన గురించి మాట్లాడుకున్నాం. నా జీవితంలో ఎవరూ నాకు అంత గౌరవంగా ఏదీ నేర్పలేదు.

ఎంత బాగుందో చెప్పలేను. చెప్పి తీరాలి గనక చెబుతున్నాను. వంట రోజూ చేస్తాను, చేసింది చేసినట్టే తినేస్తారు. ఉతికింది మాస్తుంది, తుడిచింది మురికవుతుంది. నా చేతుల మీదుగా నడిచిన పనంతా సాయంత్రానికి చెరిగిపోయేదే, మర్నాడు మళ్ళీ మొదటికొచ్చేదే. ఇక్కడ నిన్న నునుపు చేసిన కాలు ఇవాళ కూడా నునుపుగానే ఉంది. తలుపు తియ్యగానే అది అలాగే నా కోసం ఉండేది. చిత్రిక పట్టినప్పుడు చుట్టలు చుట్టలుగా లేచే పొట్టు, రంపం వేడికి పుట్టే వాసన, రెండు ముక్కలు ఇంతకుముందు ఎప్పుడూ విడిగా లేనట్టు ఒకదాంట్లో ఒకటి దిగినప్పుడు వచ్చే ఆ చిన్న టక్కు. కొట్లో గిరాకీ ఉండగానే ఆ టక్కు గుర్తొచ్చి నాలో నేను నవ్వుకునేదాన్ని. "ఏమ్మా, నేనేమన్నా తప్పడిగానా?" అని ఒకాయన కంగారుపడ్డాడు కూడా.

అత్తయ్య రెండో వారం నుంచి కుర్చీ తెచ్చుకుని ఆ గది గుమ్మంలో వేసుకుంది. పడుకోవడం మానేసింది.

"మెడ అంత పొడుగేమిటే అమ్మాయ్? ఒంటెలా ఉంది."

"ఇంకా చెక్కాలి అత్తయ్యా."

"కళ్ళు అలా పెడతావా? మీ మామయ్య నిద్దర్లేచినట్టుంది."

ఒకరోజు ఆవిడ తన పాత ఉన్ని శాలువా పట్టుకొచ్చి, కూర్చున్నచోటే కూర్చుని పోగులు విప్పడం మొదలెట్టింది. ముదురు ఎరుపు. "జూలుకి" అంది. ఆ శాలువా ఆవిడ ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. నేను ఆకురాయి ఆపి చూశాను. "నా చిన్నప్పుడు మా అన్నలు చెట్టెక్కేవాళ్ళు, గోడెక్కేవాళ్ళు, గాడిదనెక్కేవాళ్ళు" అంది, తల ఎత్తకుండానే. "నేను కింద నిలబడి వాళ్ళ చొక్కాలు పట్టుకునేదాన్ని. ఊఁ, నీ పని నువ్వు చూసుకో."

ఇక నేను చేసిన పొరపాటు. ఇది చెయ్యాలంటే ముప్ఫై ఏళ్ళు మా కొట్లో నిచ్చెనలెక్కి ఉండాలి, వేరేవాళ్ళకి చేతకాదు. ఒక వస్తువు గట్టిదో కాదో చూడటానికి నాకు తెలిసిన పరీక్ష ఒకటే, ఎక్కి చూడటం. వీపు పలక బిగించగానే ఎక్కి కూర్చున్నాను. కిర్రుమంది. కింద ఇంకో పలక అతికించాను. మళ్ళీ కూర్చున్నాను. మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. కాళ్ళు పొట్టిగా ఉన్నాయని మళ్ళీ పొడుగ్గా కోశాను. చేతిపిడి పొట్టకి గుచ్చుకుంటే జానెడు ముందుకి జరిపాను. మెడ ముందుకి జరిగింది కాబట్టి తల తేలిపోయింది, దాన్ని పెద్దది చేశాను. బద్దీలు కొత్త కాళ్ళకి చాలలేదు. తాడు పొడుగు చేసి మళ్ళీ గీశాను. ఏ దిద్దుబాటుకి ఆ దిద్దుబాటు న్యాయమైనదే. అన్నీ కలిపి చూసుకోలేదంతే. పిల్ల మూడు గంటల దూరంలో ఉంది, నేను గుర్రం మీదే ఉన్నాను, కొలత చెప్పేవాళ్ళెవరు?

"పెద్దగా లేదూ?" అంది అత్తయ్య ఒకసారి.

"పిల్లలు పెరుగుతారు కదా" అన్నాను.

"ఊఁ" అంది ఆవిడ.

మా ఆయన మాత్రం ఆ గదిలోకి అడుగుపెట్టలేదు. "తయారయ్యాక పిలువు. లేకపోతే డబ్బాలు దించాక నేనే పిలుస్తాను" అనేవారు. కొట్లో తెలిసినవాళ్ళు కనబడితే, "మా ఆవిడ అశ్వశాల పెట్టింది, గుర్రం గుడ్డిదైనా దాణా తప్పేట్టులేదు" అని నవ్వించేవారు. నేను మేకులు తూచి పొట్లం కట్టేదాన్ని. కోపం సరుకు ఇంకా బయటికి తియ్యలేదు.

పుట్టినరోజు పొద్దున్న పదింటికి పిడుగు దిగింది, వాళ్ళమ్మ వెనకాలే. గుర్రం మీద దుప్పటి కప్పి ఉంచాను. అందరూ గదిలోకి వచ్చారు. జిగురు కోసం వచ్చిన మేస్త్రీని కూడా మా ఆయనే పిలిచారు, సాక్షిగా. దుప్పటి లాగాను.

పిడుగు నాలుగడుగులు వేసి గుర్రం పక్కన నిలబడింది. అప్పుడు చూశాను. గుర్రం వీపు దాని గడ్డం దాకా వచ్చింది. అది తల ఎత్తి గుర్రం మొహం వైపు చూసింది, ఎవరో పెద్దాయన్ని చూసినట్టు. తర్వాత నా వైపు తిరిగి, చాలా మర్యాదగా అడిగింది.

"అమ్మమ్మా, ఇది నీ గుర్రమా?"

మా ఆయన నవ్వారు. ఆ నవ్వుకి పైన అరలో మేకుల డబ్బాలు కదిలి ఉంటాయి. "పోయింది! బేరం పోయింది! పిల్లకి నిచ్చెన వేసి ఎక్కించాలేమో, ఆ నిచ్చెన కూడా నువ్వే ఎక్కి చూపించు!"

నెల రోజుల పని. నా కిటికీ. ఆయన అప్పుడే గోడలు చూస్తున్నారు, డబ్బాలు ఏ వరసలో పేర్చాలా అని. ఒక్క క్షణం నాకు ఏడుపు వచ్చిన మాట నిజమే. కానీ బేరంలో ఏడ్చినవాళ్ళకి ఏం దక్కుతుందో రోజూ చూసేదాన్ని. బేరం మాటల్నే మళ్ళీ మనసులో చదువుకున్నాను.

"ఆగండి" అన్నాను. "మీరేమన్నారు? గుర్రం నిలబడాలి అన్నారు. ఎవరికి సరిపోవాలో అనలేదు."

"పిల్ల ఎక్కలేనిది గుర్రమేంటి?"

"నిలబడటం అంటే ఏమిటో మన కొట్లో ఒక ఆనవాయితీ ఉంది. పెట్టింది మీరే. ముప్ఫై ఏళ్ళుగా ఆ పరీక్ష నెగ్గిన సరుకు గట్టిదని ఊరంతా నమ్మింది. ఇప్పుడు మీరు నమ్మరా?"

మేస్త్రీ పైకి చూశాడు, కప్పులో ఏదో ఆసక్తికరమైనది కనబడినట్టు. నేను పిడి పట్టుకుని, కాలు అవతలికి వేసి, ఎక్కి కూర్చున్నాను.

కిర్రుమనలేదు. నా మోచేతులు నునుపు చేసిన పలక మీద నేను సరిగ్గా ఇమిడాను. ముందుకి వంగాను. గుర్రం కదిలింది. వెనక్కి వాలాను, అది నాతో పాటు వచ్చింది. తాడు పొడుగు సరిగ్గా కుదిరింది. ఎత్తి పడెయ్యలేదు, మొండికెయ్యలేదు. కిటికీ దగ్గరికొచ్చి దూరమైంది, మళ్ళీ దగ్గరికొచ్చింది. నిచ్చెన మీద నిలబడినప్పుడు నేనెప్పుడూ ఊపిరి బిగబట్టేదాన్ని. ఇక్కడ ఊపిరి దానంతట అదే ఊగుతోంది. నేను నవ్వుతున్నానని నా నవ్వు విన్నాక తెలిసింది. ఇది మాత్రం పనిలో భాగం కాదు.

"నన్నూ! నన్నూ!" అని పిడుగు గెంతింది. దాన్ని ఎత్తి ముందు కూర్చోబెట్టుకున్నాను. అది ఎర్ర జూలు గుప్పిళ్ళతో పట్టుకుని "ఇంకా! ఇంకా!" అని అరిచింది. మా అమ్మాయి గోడకి ఆనుకుని నన్ను చూస్తోంది. ఆ పిల్ల ఇరవై ఎనిమిదేళ్ళలో నన్ను కూర్చుని ఉండగా ఎన్నిసార్లు చూసిందో! "అమ్మా, నీ తర్వాత నేను" అంది.

"నీ తర్వాత ఏమిటే, వయసులో పెద్దదాన్ని ఇక్కడున్నాను" అంది అత్తయ్య, కుర్చీలోంచి లేస్తూ.

"అమ్మా, పడతావు!" అన్నారు మా ఆయన.

"పడితే లేస్తాను. పక్కకి జరుగు."

ఇటు మేస్త్రీ, అటు నేను పట్టుకుని ఎక్కించాం. పిట్టంత బరువు లేదు ఆవిడ. రెండు కాళ్ళూ ఒకవైపే వేసి రాణీలా కూర్చుని, పిడి పట్టుకుని, కళ్ళు మూసుకుంది. మెల్లగా ఊపాను. చాలాసేపు దిగలేదు. "చొక్కాలు ఎవరైనా పట్టుకోండి ఇప్పుడు" అని తనలో తనే అనుకుంది. ఆ మాట నాకొక్కదానికే అర్థమైంది.

మేస్త్రీ వంగి బద్దీల కింద వేలు పెట్టి చూశాడు. "కవలలే" అన్నాడు. "ఆ ఒకాయనకి చెప్పమ్మా, పని తెలిసిన చెయ్యి అని."

"ఎవరా ఒకాయన?" అన్నారు మా ఆయన.

"తాతయ్య కూడా ఎక్కాలి!" అని పిడుగు ఆయన వేలు పట్టి లాగింది. వద్దన్నారు. నడుం నొప్పి అన్నారు, కొట్లో ఎవరో వచ్చారన్నారు, నా బరువుకి విరుగుతుందన్నారు. "నా బరువు కంటేనా?" అన్నాను. అందరూ పట్టుబట్టేసరికి ఎక్కారు.

ఎక్కగానే పిడుగు తోకవైపు చేరి బలంగా ఊపింది. గుర్రం ముందుకి ఊగింది. మా ఆయన రెండు చేతులతో దాని చెవులు పట్టుకున్నారు. వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి. మొహంలో రక్తం లేదు. "ఆపు" అన్నారు. గట్టిగా కాదు, గొంతులోనే. "ఆపు, ఆపు."

నేల నుంచి రెండున్నర అడుగుల ఎత్తు.

నేను బద్దీ మీద కాలు వేసి ఆపాను. ఆపుతూ ఉండగా ముప్ఫై ఏళ్ళు గిర్రున తిరిగి నా ముందు నిలబడ్డాయి. ఇంట్లో బల్బు పోతే మార్చేది నేను. పై అరలోంచి డబ్బా దించేది నేను. మేడ మీద ఆరేసిన బట్టలు తెమ్మంటే ఆయన మెట్ల దగ్గరే ఆగి నన్ను పిలిచేవారు, పని ఉందని. క్యాలెండరు మేకుకి కూలివాణ్ణి పిలిచారు. నిచ్చెన మీద ఆయన ఒక్క కాలు పెట్టగా నేనెప్పుడూ చూడలేదు. పెళ్ళాన్నే ఎక్కిస్తున్నాను, ఇంతకంటే నమ్మకం ఏం కావాలి! ఊరికి నమ్మకం అని అమ్మింది ఆయన భయం. పదిహేను వందల సార్లు దాన్ని భుజాన వేసుకుని నేను పైకెక్కాను, నా బరువే అనుకుని.

నవ్వొచ్చింది. నవ్వలేదు. "దిగండి, పట్టుకున్నాను" అన్నాను. ఆయన నా భుజం పట్టుకుని దిగారు. దిగాక కూడా ఒక క్షణం వదల్లేదు.

"ఎవరికీ చెప్పకు" అన్నారు, నాకు మాత్రమే వినిపించేలా.

"చెప్పను" అన్నాను. "గది నాదేగా?"

"నీదే."

రంగు డబ్బాలు మెట్ల కిందకి వెళ్ళాయి. పిడుగుని ఆ సాయంత్రం గది గోడకి ఆనించి నిలబెట్టి, మోకాలి దగ్గర, నడుం దగ్గర, భుజం దగ్గర పెన్సిల్‌తో గీతలు గీశాను. దాని గుర్రం ఇంకో నెల్లో వస్తుందని చెప్పాను. "రెండు గుర్రాలు! నీదొకటి, నాదొకటి" అని అది ఒప్పేసుకుంది. మా ఆయన ఈ మధ్య తన గ్లాసు తను కడుక్కుంటున్నారు. ఒక్క గ్లాసే. కొత్త వ్యాపారం చిన్నగానే మొదలవుతుంది.

పుట్టినరోజు అయిన నాలుగో రోజు మధ్యాహ్నం, కొట్టు తెరిచాక, నేను ఆ గదిలో ఉన్నాను. చిన్న గుర్రం కాళ్ళకి వేసిన జిగురు ఆరాలి. అది ఆరేదాకా నాకు పనేం లేదు. పనేం లేనప్పుడు ఏం చెయ్యాలో ఇప్పుడు నాకు తెలుసు. పెద్దదాని మీద కూర్చుని, కిటికీలోంచి పెరడు చూస్తూ ఊగుతున్నాను. కొట్లోంచి మాటలు వినబడ్డాయి. ఎవరికో నిచ్చెన కావాలి, పన్నెండు మెట్లది.

"ఏమోయ్! ఒకసారి రా! నిచ్చెన ఎక్కి చూపించాలి!"

ఊగడం ఆపలేదు.

"మీరే ఎక్కండి" అన్నాను. "నేను గుర్రం మీదున్నాను."

అడుగుల చప్పుడు, ఆయన తల గుమ్మంలోకి వచ్చింది. గొంతు బాగా తగ్గించారు. "నేనా?"

"రెండు మెట్లు చాలు ఇవాళ్టికి. గట్టిగా పట్టుకోండి, కిందికి చూడకండి" అన్నాను. "మొదట్లో నాకూ భయంగానే ఉండేది."

ఆయన వెళ్ళారు. నేను ముందుకీ వెనక్కీ ఊగుతూ విన్నాను. గిరాకీ దగ్గాడు. నిచ్చెన గోడకి ఆనింది. చాలాసేపు ఏమీ లేదు.

తర్వాత కిర్రుమంది. ముప్ఫై ఏళ్ళు విన్న చెవులు నావి. అది మొదటి మెట్టు.